కొత్త పరికరమా, పాత పరికరమా? – ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరు మార్పును గురించి ఒక పరిశీలన

"కొత్తొక వింత, పాతొక రోత" అని తెలుగు సామెత. "నయా నౌ దిన్, పురానా సౌ దిన్" అని ఉర్దూ సామెత. మొదటిది కొత్తదనాన్ని చూచి మురిసిపోయే మానవ స్వభావాన్ని ఎత్తిచూపుతున్నది. రెండవది కొత్తదాని మెరుగు తొమ్మిది నాళ్ళని, పాతదాని మన్నిక నూరు నాళ్ళని చెప్పి మనలను హెచ్చరిస్తున్నది. ఈ రెండు భాషలనూ ఒకే కప్పు క్రింద బోధించుకుంటున్న మన కళాశాలలో ఈ రెండు సామెతలూ ఇటీవల ఎదురెదురుగా నిలిచిన సందర్భం ఒకటి ఏర్పడినది. మన భాషాశాలలో పాటలను, మాటలను ముద్రించుకోవడానికి వాడుతున్న పాత సాఫ్ట్‌వేరును అలాగే కొనసాగించవలెనా, లేక కొత్తదానికి మారవలెనా అన్నది ఆ సందర్భం.

పైకి ఇది యంత్రాలకు సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చును. కాని ఇందులో మనుషుల గొంతులు ఇమిడి ఉన్నవి. అందువల్ల విద్యార్థులకు పాఠంగాను, కళాశాల కమిటీ వారికి విన్నపంగాను ఈ వ్యాసాన్ని సమర్పిస్తున్నాము.

మా అనుభవం

బోధన్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చరిత్ర మన జిల్లా వారందరికీ విదితమే. నిజాంసాగర్ నీటితో పండిన చెరకు దశాబ్దాల తరబడి ఆ ఫ్యాక్టరీ ద్వారాన్నే చేరుకొన్నది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడినది. యంత్రాలు ఆగిపోయిన తరువాత వాటి నడుమ జీవితాలు గడిపిన వారి జ్ఞాపకాలైనా దక్కించుకొందామనే ఉద్దేశంతో 2016లో మన తెలుగు, ఉర్దూ విభాగాల విద్యార్థులు కొందరు ఒక మైకు, ఒక లాప్‌టాప్ పట్టుకొని బోధన్, ఎడపల్లి, వర్ని, కోటగిరి ప్రాంతాలలో తిరిగినారు. విశ్రాంత కార్మికుల ముచ్చట్లు, చెరకు చేలలో పనిచేసిన స్త్రీల పాటలు, ఉర్దూ మర్సియాలు, పీర్ల పండుగకు ఊరి వారందరూ కలిసి పాడుకొనే తెలుగు పాటలు మొత్తం పద్నాలుగు ముద్రణలుగా సమకూడినవి. అందుకు వారు వాడినది ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఆనాటి రెండవ తరం సంస్కరణ.

ఆ పద్నాలుగింటిలో ఒకటి ఫ్యాక్టరీ బాయిలరు వద్ద పనిచేసి విరమించిన ఒక వృద్ధుడిది. ఆయన దక్కనీ ఉర్దూలో మాట్లాడుతూ, మధ్యమధ్య తెలుగులో పీర్ల పాటలు పాడినాడు. ఏ పాట ఏ ఊరి వారు నేర్పినారో చెప్పినాడు. చెరకు బండ్లు రాత్రంతా వరుసలో నిలిచినప్పుడు బండివాళ్ళు నిద్రపోకుండా ఏమేమి పాడుకొనేవారో పాడి వినిపించినాడు. నలభై ఏడు నిమిషాలు. వాటిలో రెండు నిమిషాల భాగాన్ని వేరు చేసి కళాశాల వార్షికోత్సవంలో వినిపించినాము.

2019 వేసవిలో ఆ కంప్యూటరు మందగించినందున దానిలోని డిస్కును తుడిచి, అన్నిటినీ మళ్ళీ ఎక్కించవలసి వచ్చినది. తుడవడానికి ముందు ముద్రణలన్నిటినీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొన్నామనే నమ్మకంతో మేమే అనుమతి ఇచ్చినాము. ఆ సంవత్సరాంతంలో ఆ వృద్ధుడు కాలం చేసినాడు. కొన్ని వారాల తరువాత ఆయన కుమారుడు మమ్ము వెదుక్కుంటూ వచ్చినాడు. పెన్‌డ్రైవు తెరిచి చూచితిమి. పేరు ఉన్నది, తేదీ ఉన్నది, ఎక్కడ కత్తిరించవలెనో విద్యార్థులు పెట్టుకొన్న గుర్తులు కూడా ఉన్నవి. శబ్దం లేదు. నలభై ఏడు నిమిషాల నిశ్శబ్దం మాత్రమే తెరపై ఒక సన్నని గీతగా సాగిపోయినది.

"సార్, మా అబ్బా గొంతు ఇందులో లేదా?" అని ఆయన అడిగినాడు. వార్షికోత్సవం కొరకు వేరు చేసిన రెండు నిమిషాలు తప్ప ఇవ్వడానికి మా వద్ద ఏమీ మిగులలేదు. పద్నాలుగు ముద్రణలలో పదకొండు దక్కినవి, మూడు పోయినవి. తప్పు సాఫ్ట్‌వేరుది కాదు. పూర్తిగా మాది. మేము చేతిలోని పరికరాన్ని వాడుకొన్నామే గాని, అది పనిచేసే విధాన్ని తెలుసుకొనలేదు. ఆ తెలియనితనం ఏమిటో వివరించడమే ఈ పాఠానికి ముఖ్యోద్దేశం.

ధ్వని అంకెలుగా మారే విధం

గాలిలో కలిగే కదలికను మైకు విద్యుత్ కదలికగా మారుస్తుంది. కంప్యూటరు ఆ కదలికను అఖండంగా పట్టుకొనలేదు. సెకనుకు వేలసార్లు దాని ఎత్తును కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా వ్రాసుకొంటుంది. సంగీత సి.డి.లకు నిర్ణయించిన లెక్క సెకనుకు 44,100 కొలతలు. మనిషి చెవి సుమారుగా సెకనుకు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని సరిగా పట్టుకోవడానికి అందులో రెండు కొలతల కన్న ఎక్కువ ఉండవలెను గనుక ఆ లెక్క ఏర్పడినది. ఒక్కొక్క కొలతను 16 బిట్లతో వ్రాస్తే 65,536 మెట్లు లభిస్తవి. 24 బిట్లతో వ్రాస్తే మెట్లు మరింత సూక్ష్మమై, మెల్లని స్వరానికి కూడా చోటు దొరుకుతుంది.

ఇక స్థలం లెక్క చూతము. 16 బిట్లు అనగా రెండు బైట్లు. ఎడమ, కుడి రెండు మార్గాలు ఉన్నందున సెకనుకు 44,100 × 2 × 2 = 1,76,400 బైట్లు. నిమిషానికి ఒక కోటి ఐదు లక్షల బైట్లకు పైచిలుకు, అనగా దాదాపు 10 మెగాబైట్లు. గంటకు సుమారు 635 మెగాబైట్లు. ఒకే మైకుతో ఒకే మార్గంలో ముద్రిస్తే అందులో సగం చాలును. ఈ లెక్కన నలభై గంటల ముద్రణ 13 గిగాబైట్ల లోపే ఇమిడిపోవును. సాధారణ పెన్‌డ్రైవులో కూడా చోటుండగా స్థలం చాలదనే సాకుతో మూలధ్వనిని తగ్గించి దాచుకోవడం నేడు సమర్థనీయం కాదు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయాన్ని దృఢంగా గుర్తుంచుకొనవలెను. ముద్రించే క్షణంలో మైకు పట్టుకొన్నదే మన మూలధనం. సాఫ్ట్‌వేరు ఎంత కొత్తదైనను మైకు పట్టుకొనని స్వరాన్ని సృష్టించలేదు. పంకా క్రింద కూర్చుండబెట్టి ముద్రించిన పాటను ఏ సంస్కరణలో తెరిచినను పంకా చప్పుడు అందులో ఉండనే ఉండును. దానిని కొంత తగ్గించవచ్చును గాని, తగ్గించేటప్పుడు గొంతులోని పలుకు కూడా కొంత అరిగిపోవును. కాబట్టి "కొత్త సాఫ్ట్‌వేరు వేస్తే పాత ముద్రణలు బాగుపడును" అనే ఆశ సగం సత్యం మాత్రమే.

పద్దు పుస్తకమూ, గోదాములోని సరుకూ

మేము చేసిన పొరపాటు ఇప్పుడు సులభంగా బోధపడగలదు. ధ్వనిముద్రణ సాఫ్ట్‌వేరులు సాధారణంగా రెండు రకాల వస్తువులను దాచుకొంటవి. ఒకటి ధ్వని. రెండవది ఆ ధ్వనిని ఎక్కడ కత్తిరించవలెను, ఎక్కడ హెచ్చించవలెను, దేని పక్కన దేనిని పేర్చవలెను అనే వివరాల పట్టిక. దీనినే ప్రాజెక్టు ఫైలు అంటారు. ప్రాజెక్టు ఫైలు వర్తకుని పద్దు పుస్తకం వంటిది, ధ్వని గోదాములోని సరుకు వంటిది. పద్దు పుస్తకాన్ని భద్రంగా ఇంటికి తెచ్చుకొని గోదామును కాల్చివేస్తే పుస్తకంలో మూటల లెక్క ఉంటుంది, చక్కెర ఉండదు.

ఆడాసిటీ రెండవ తరంలో పద్దు పుస్తకం ఏ.యు.పి. అనే చిన్న ఫైలుగాను, సరుకు దాని పక్కనే డేటా అనే పేరుతో ముగిసే ఒక సంచయంలో వందలాది తునకలుగాను ఉండేవి. మేము ఎక్కించుకొన్నది చిన్న ఫైళ్ళను మాత్రమే. దక్కిన పదకొండు ముద్రణలూ ఎందుకు దక్కినవి? విద్యార్థులు వాటిని అప్పటికే వేవ్ అనే సామాన్య ధ్వని రూపంలోకి మార్చి మరొక చోట పెట్టినందువల్ల. వేవ్ రూపాన్ని ఐ.బి.ఎం., మైక్రోసాఫ్ట్ సంస్థలు 1991లో వెలువరించినవి. మూడు దశాబ్దాలు గడిచినను దానిని తెరవలేని ధ్వని సాఫ్ట్‌వేరు అరుదు.

చెరకు పండించే మన ప్రాంతం వారికి ఈ భేదాన్ని వేరే చెప్పనక్కరలేదు. కోసిన చెరకును వెంటనే గానుగకు చేర్చవలెను; ఆలస్యమైన కొద్దీ అందులోని తీపి తగ్గిపోవును. చక్కెరగా మారిన తరువాత మాత్రం అది ఏండ్లు నిలుచును. ప్రాజెక్టు ఫైలులో ఉన్న ముద్రణ కోసిన చెరకు. వేవ్ ఫైలు చక్కెర.

మూడవ తరంలో వచ్చిన మార్పు

ఆడాసిటీని 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోని, రోజర్ డాన్నెన్‌బర్గ్ అనే ఇద్దరు ప్రారంభించినారు. 2000 సంవత్సరంలో అది లోకానికి ఉచితంగా అందినది. 2021 మార్చిలో వెలువడిన మూడవ తరం సంస్కరణలో పద్దు పుస్తకాన్ని, సరుకును కలిపి ఏ.యు.పి.3 అనే ఒకే ఫైలుగా చేసినారు. మా వంటి వారి చేతులలో జరిగే పొరపాట్లకు అది తగిన మందే అని చెప్పవలెను.

అయితే ఈ మందుకు ఒక పథ్యం కలదు. మూడవ తరం సాఫ్ట్‌వేరు రెండవ తరపు ప్రాజెక్టులను తెరువగలదు గాని, తెరిచి దాచినదానిని రెండవ తరపు సాఫ్ట్‌వేరు తిరిగి తెరువలేదు. అనగా ఇది ఒకవైపు మాత్రమే నడిచే దారి. కళాశాలలో ఒక గదిలో కొత్తది, మరొక గదిలో పాతది, విద్యార్థుల ఇండ్లలో ఇంకొకటి ఉన్నప్పుడు ఈ విషయం తెలియక పని నడుమ చిక్కుపడిపోవడం సంభవం. మార్పు చేయదలచిన వారు అందరికీ ఒకే దినాన మార్పు చేయవలెను, లేదా ఇచ్చిపుచ్చుకొనేది వేవ్ రూపంలోనే ఉండవలెనని నియమం పెట్టుకొనవలెను.

ఆ సంవత్సరమే ఆడాసిటీ మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ చేతికి వెళ్ళినది. వాడుకరుల సమాచార సేకరణను గురించిన ఆ సంస్థ ప్రకటనపై విమర్శలు వచ్చినవి. సంస్థ దానిని సవరించి వివరణ ఇచ్చినది. ఉచితమైన వస్తువును కూడా యజమాని మారినప్పుడు ఒకసారి నియమాలు చదివి మరీ స్వీకరించవలెనని ఇందువల్ల తెలుస్తున్నది.

సాఫ్ట్‌వేరులకూ వయస్సు కలదు

సాఫ్ట్‌వేరు ఒంటరిగా బ్రతుకదు. క్రింద నిర్వహణ వ్యవస్థ, దాని క్రింద యంత్రం, పక్కన మైకును కలిపే పెట్టె, పైన అలంకారాల వంటి ప్లగిన్‌లు ఉంటవి. వీటిలో ఏ ఒక్కటి మారినను తక్కినవి కదలిపోవును. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోను, విండోస్ 7కు 2020 జనవరిలోను, విండోస్ 10కి 2025 అక్టోబరులోను తయారీదారుల సాధారణ పోషణ ముగిసినది. 32 బిట్ల కాలంలో వ్రాసిన ప్లగిన్‌లను 64 బిట్ల సాఫ్ట్‌వేరు నేరుగా వాడుకొనలేదు. ఆపిల్ సంస్థ 2019లో తెచ్చిన కాటలీనా వ్యవస్థలో 32 బిట్ల సాఫ్ట్‌వేరులకు తావే లేకుండా పోయినది.

యజమానుల మార్పులు కూడా గమనింపదగినవి. 1990ల చివర, 2000ల ఆరంభంలో ఎందరికో పరిచితమైన కూల్ ఎడిట్ 2003లో అడోబీ సంస్థకు చేరి ఆడిషన్ అనే పేరు ధరించినది. 2013 తరువాత ఆ సంస్థ తన కొత్త సంస్కరణలను అమ్మడం మాని చందాపై ఇవ్వసాగినది. 1987లో పుట్టిన కేక్‌వాక్‌ను గిటార్ల తయారీలో పేరొందిన గిబ్సన్ సంస్థ 2013లో తీసుకొన్నది. 2017 నవంబరులో దాని అభివృద్ధిని నిలిపివేసినది. డబ్బు చెల్లించి కొన్నవారు దిక్కుతోచక ఉండగా, 2018లో బ్యాండ్‌ల్యాబ్ సంస్థ దానిని స్వీకరించి ఉచితంగా అందించినది. మంచి పరికరానికి కూడా రాత్రికి రాత్రి దిక్కు లేకుండా పోవచ్చునని, అదృష్టముంటే మళ్ళీ దిక్కు దొరకవచ్చునని ఈ ఉదంతం చెబుతున్నది. కాని మన గొంతులను అదృష్టానికి అప్పగించరాదు.

లిపుల నుండి, ప్రపంచం నుండి రెండు గుణపాఠాలు

మన పత్రిక పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి కలదు. యూనికోడ్ వాడుక వ్యాపించక ముందు తెలుగు డి.టి.పి. కేంద్రాలలో అను లిపులు, ఉర్దూ కేంద్రాలలో ఇన్‌పేజ్ రాజ్యమేలినవి. అవి ఆనాటి అవసరాన్ని చక్కగా తీర్చినవి. ఉర్దూ నస్తాలీక్ అందాన్ని తెరపైకి తెచ్చిన ఘనత ఇన్‌పేజ్‌ది. కాని ఆ పాత ఫైళ్ళలో అక్షరాలు వాటి సొంత సంకేతాలలో ఉన్నందున, మార్పిడి చేయకుండా వేరొక చోట తెరిస్తే అర్థం లేని గుర్తులు మాత్రమే కనిపిస్తవి. అచ్చు పుస్తకం చేతిలో ఉన్నవాడు చదువుకొనగలడు, ఫైలు మాత్రమే ఉన్నవాడు మార్పిడి పరికరాన్ని వెదుక్కొనవలెను. ధ్వని విషయంలో వేవ్ ఫైలు అచ్చు పుస్తకం వంటిది.

రెండవ ఉదాహరణ ఇంగ్లండు దేశానిది. 1086లో అక్కడి రాజు తన రాజ్యంలోని భూముల వివరాలను తోలు పత్రాలపై వ్రాయించినాడు. దానిని డూమ్స్‌డే బుక్ అంటారు. దాని తొమ్మిదివందల ఏండ్ల సందర్భంగా 1986లో బి.బి.సి. సంస్థ ఆధునిక బ్రిటన్ జీవితాన్ని చిత్రాలతో, వ్రాతలతో సేకరించి ప్రత్యేకమైన లేజరు డిస్కులపై నిక్షిప్తం చేసినది. ఆ సేకరణలో పది లక్షల మందికి పైగా పాల్గొన్నారు. పదిహేనేండ్లు గడిచేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయినవి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేరును నిర్మించి 2002లో దానిని తిరిగి తెరువవలసి వచ్చినది. తొమ్మిదివందల ఏండ్ల తోలు పుస్తకాన్ని మాత్రం చదువ నేర్చినవారు నేటికీ చదువగలరు. సంపన్న దేశపు పెద్ద సంస్థకే అట్టి ఇబ్బంది కలిగినప్పుడు జిల్లా కళాశాలకు కలుగుటలో వింత లేదు.

మార్చుటకు తగిన కారణాలు, తగని కారణాలు

ఈ విషయమై మన అధ్యాపకుల గదిలో జరిగిన చర్చలో ఉభయపక్షాలకూ కొంత బలం కనిపించినది. ఉర్దూ విభాగంలోని మా పెద్దలొకరు "పని చేస్తున్నదానిని ఎందుకు కదిలించవలెను?" అని అడిగినారు. ఆ ప్రశ్న న్యాయమైనది. అలవాటుపడిన చేతికి పాత పరికరం వేగంగా లొంగును. సగంలో ఉన్న పని మధ్యలో పరికరాన్ని మార్చడం ఏరు దాటుతూ గుర్రాన్ని మార్చడమే. ఇంటర్నెట్‌కు కలుపకుండా ఒక మూల పెట్టిన కంప్యూటరులో పాత సాఫ్ట్‌వేరు ఏండ్ల తరబడి నిర్విఘ్నంగా పనిచేయవచ్చును.

విద్యార్థులు మరొక మాట చెప్పినారు. కొత్త సంస్కరణలలో చప్పుడు తగ్గించే సాధనాలు మెరుగైనవని, తాము రేపు బయట ఉద్యోగాలకు వెళ్ళినప్పుడు పాతదానిలో నేర్చిన పని అక్కరకు రాకపోవచ్చునని వారి వాదం. అదియును నిజమే. కళాశాల భాండాగారం మాత్రమే కాదు, శిక్షణశాల కూడా.

మా అభిప్రాయంలో మార్చుటకు తగిన కారణాలు నాలుగు. ఇంటర్నెట్‌కు కలిసి ఉండే యంత్రంలోని వ్యవస్థకు భద్రతా పోషణ ముగియడం మొదటిది. కొత్తగా కొన్న మైకు పెట్టెను పాత సాఫ్ట్‌వేరు గుర్తించకపోవడం రెండవది. మనకు నిజంగా అవసరమైన ఒక పని పాతదానిలో సాధ్యం కాకపోవడం మూడవది. పాత ప్రాజెక్టులను తెరువగలిగే దారి మూసుకుపోయే సూచనలు కనిపించడం నాల్గవది. తెర అందంగా ఉన్నదనియు, పొరుగు కళాశాల వారు కొన్నారనియు, ప్రకటనలో చూచితిమనియు మార్చడం తగని కారణాలు.

చందా పద్ధతిని గురించి కమిటీ వారు ప్రత్యేకంగా యోచించవలెనని మనవి. ఒక్కసారి కొన్న వస్తువు బీరువా వంటిది, చందా వస్తువు అద్దె గది వంటిది. ఏ సంవత్సరమైనా నిధులు మంజూరు కాకపోతే గది తాళం మన చేతిలో ఉండదు. అద్దె గదిలో పని చేసుకొనవచ్చును గాని, కుటుంబ పత్రాలన్నిటినీ అక్కడనే దాచుకొనరాదు. చందా సాఫ్ట్‌వేరు తీసుకొన్నను ప్రతి ముద్రణ ప్రతినీ వేవ్ రూపంలో మన స్వాధీనంలో ఉంచుకొనవలెను.

నిర్ణయానికి ఒక క్రమం

ఈ క్రింది క్రమాన్ని మా అనుభవం మాకు నేర్పినది. ఇది ఏ సాఫ్ట్‌వేరుకైనను వర్తించును.

1. మొదట లెక్క తీయవలెను. ఏయే ముద్రణలు ఉన్నవి, ఎక్కడ ఉన్నవి, ఏ సంస్కరణలో చేసినవి, ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ తేదీ అనే పట్టికను కాగితంపై కూడా వ్రాసుకొనవలెను.

2. పాత సాఫ్ట్‌వేరు ఇంకా నడుస్తూ ఉండగానే ప్రతి ప్రాజెక్టును తెరిచి వేవ్ రూపంలోకి మార్చవలెను. శబ్దాన్ని శుభ్రపరచని మూలప్రతిని ఒకటి, శుభ్రపరచిన ప్రతిని ఒకటి వేరువేరుగా దాచవలెను. కొత్త ముద్రణలను కనీసం సెకనుకు 48,000 కొలతలు, 24 బిట్లతో చేయడం మంచిది. అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం సూచించే కనీస ప్రమాణం అదియే. ఎం.పి.3 రూపం పంచిపెట్టుటకు తగును గాని దాచుటకు తగదు, ఏలననగా అది స్థలం తగ్గించుటకు ధ్వనిలో కొంత భాగాన్ని శాశ్వతంగా వదలివేయును. స్థలం తగ్గవలెనంటే ఏమీ వదలని ఫ్లాక్ రూపం కలదు.

3. మార్చిన ప్రతి ఫైలునూ మొదలు, నడుమ, చివర చెవితో వినవలెను. ఫైలు పేరు కనిపించుట వేరు, గొంతు వినిపించుట వేరు. మేము ఈ ఒక్క పని చేసి ఉంటే నలభై ఏడు నిమిషాలు నిలిచి ఉండెడివి.

4. మూడు ప్రతులు ఉండవలెను. ఒకటి భాషాశాలలో, ఒకటి గ్రంథాలయపు బీరువాలో, ఒకటి కళాశాల ఆవరణకు వెలుపల. పెన్‌డ్రైవు ఒక్కటే ఆధారం కారాదు.

5. కొత్త సాఫ్ట్‌వేరును కొత్త యంత్రంలో ఎక్కించి, పాత ప్రాజెక్టుల నకళ్ళను మాత్రమే అందులో తెరువవలెను. మూలాన్ని తాకరాదు.

6. కనీసం ఒక విద్యాసంవత్సరం రెండింటినీ పక్కపక్కన నడిపించవలెను. ఆ కాలంలో పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలుపరాదు.

7. అన్నీ సరిగా ఉన్నవని ఇద్దరు వేరువేరు వ్యక్తులు విని సంతకం చేసిన తరువాతనే పాతదానిని విరమింపజేయవలెను.

కమిటీ వారికి మా విన్నపం

ఈ క్రమాన్ని మన పరిస్థితికి అన్వయించి చూచితిమి. భాషాశాల యంత్రం విండోస్ 10తో నడుస్తున్నది. అది ఇంటర్నెట్‌కు కలిసి ఉన్నది. కాబట్టి మార్చుటకు తగిన మొదటి కారణం మనకు ఏర్పడినది. చప్పుడు తగ్గించడం, కత్తిరించడం, పేర్చడం మినహా మన పనికి వేరే అవసరాలు లేవు. అవి ఉచితంగా లభించే సాఫ్ట్‌వేరులోనే సాధ్యం. అందువల్ల ఖరీదైన చందా సాఫ్ట్‌వేరు ప్రతిపాదనను ఈ సంవత్సరానికి విరమించుకొని, ఆ ధనంతో ఒక మంచి మైకును, రెండు బయటి డిస్కులను కొనవలెనని, సాఫ్ట్‌వేరును మాత్రం పై క్రమం ప్రకారం మూడవ తరానికి మార్చవలెనని మేము సూచిస్తున్నాము. మైకు మెరుగైతే రాబోయే ముద్రణలన్నీ మెరుగగును. డిస్కులు ఉంటే జరిగిన ముద్రణలన్నీ నిలుచును. సాఫ్ట్‌వేరు ఈ రెండింటి నడుమ నిలిచే సేవకుడు మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! పీర్ల పాటలలో తెలుగు ఉన్నది, దక్కనీ ఉన్నది, ఈ నేల మీద కలిసి బ్రతికిన వారి శ్వాస ఉన్నది. వాటిని పాడగలిగిన పెద్దలు ఊరూరా తగ్గిపోతున్నారు. మీరు మైకు పట్టుకొని వెళ్ళినప్పుడు వారు మీకు ఇచ్చేది తిరిగి అడిగి తెచ్చుకొనగలిగిన వస్తువు కాదు. ఏ పరికరంతో ముద్రించినారని వారి పిల్లలు మిమ్ము అడుగరు. మా తండ్రి గొంతు ఉన్నదా అని మాత్రమే అడుగుతారు. ఆ ప్రశ్నకు ఉన్నదని చెప్పగలగడమే కొత్త పాతల తగవుకు సరియైన తీర్పు.

దక్కిన పదకొండు ముద్రణలను, ఆ రెండు నిమిషాలను మూడు ప్రతులుగా చేసి, విని, పట్టికలో ఎక్కించినాము. రెండు నిమిషాల ప్రతిని ఆ కుమారునికి అందజేసినాము. మిగిలిన నలభై ఐదు నిమిషాలకు బదులుగా ఈ పాఠాన్ని ఇక్కడ వ్రాసి ఉంచుతున్నాము.